ఐస్‌లాండ్: కొద్దిమంది జనం, కుదురులేని నేల

ఐస్‌లాండ్ గురించి ఒకచోట మొత్తంగా చెప్పమని అడిగారు. అది నిజంగా మంచు దేశమేనా, అంత కొద్దిమంది జనంతో ఒక దేశం ఎలా నడుస్తోంది, మనవాళ్లు వెళ్లి అక్కడ బతకగలరా అన్నవి మీ సందేహాలు. నేను భూతాప శక్తి, అంటే భూమి లోపలి వేడిని వాడుకునే రంగంలో ఇంజనీరును. ఆరు నెలల శిక్షణ కోసమని రేక్యవీక్ వెళ్లి, ఆ తర్వాత అక్కడే ఉద్యోగం దొరకడంతో తొమ్మిదేళ్లు ఉండిపోయాను. కనుక ఈ జవాబులో జలపాతాల అందాల కంటే నేల అడుగున జరిగే సంగతులు ఎక్కువగా ఉంటే అది నా వృత్తి దోషం అనుకోండి. అయితే ఆ దేశపు చరిత్ర గానీ, డబ్బు వ్యవహారం గానీ, చివరికి మనుషుల పేర్లు గానీ అర్థం కావాలంటే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. అక్కడ మనుషులు చాలా తక్కువ. కాళ్ల కింద నేలకు కుదురు లేదు. మిగిలినవి చాలామటుకు ఈ రెండింటి నుంచే పుట్టుకొచ్చాయి.

విస్తీర్ణం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణ కంటే కొంచెం చిన్నది. జనాభా మాత్రం నాలుగు లక్షలకు కాస్త తక్కువే. గుంటూరు నగరంలో ఉన్నంతమంది కూడా ఆ దేశం మొత్తం మీద లేరు. వాళ్లలోనూ దాదాపు మూడింట రెండు వంతులమంది రాజధాని రేక్యవీక్‌లోనో, దానికి ఆనుకుని ఉన్న పట్టణాల్లోనో ఉంటారు. మిగిలినవారు తీరం వెంట చిన్న చిన్న రేవు పట్టణాల్లోను, విసిరేసినట్టు దూరదూరంగా ఉండే గొర్రెల పెంపకందారుల ఇళ్లలోను కనిపిస్తారు. దేశం నడిబొడ్డు అంతా లావా మైదానాలు, బూడిద ఎడారులు, మంచు పలకలు. అక్కడ ఊరన్నదే లేదు. దేశాన్ని చుట్టివచ్చే ఒకటో నంబరు రహదారి పొడవు 1,300 కిలోమీటర్ల పైచిలుకు. దాని చివరి ముక్క, ఆగ్నేయాన హిమనదుల నీళ్లు పారే ఇసుక మైదానం మీది వంతెనలు, 1974లో గానీ పూర్తి కాలేదు. అంటే ఆ ఏడాది వరకు కారులో దేశాన్ని చుట్టి రావడం సాధ్యమయ్యే పని కాదు.

ఇక నేల సంగతి. అట్లాంటిక్ సముద్రం అడుగున ఉత్తర దక్షిణాలుగా సాగే పర్వత శ్రేణి ఒకటి ఉంది. భూమి పైపొర కొన్ని భారీ ఫలకాలుగా ఉంటుంది; ఆ శ్రేణికి అటు ఉత్తర అమెరికా ఫలకం, ఇటు యురేషియా ఫలకం ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతున్నాయి. ఆ శ్రేణి సముద్ర మట్టానికి పైకి లేచి ఇంత పెద్ద భూభాగంగా కనిపించేది ఐస్‌లాండ్‌లోనే. అందుకు కారణం అదే చోట భూగర్భం లోతుల నుంచి అదనంగా ఎగదన్నే వేడి. ఆ దేశంలోని అతి పాత రాళ్ల వయసు కోటీ అరవై లక్షల ఏళ్లకు మించదు. హైదరాబాద్ గుట్టల్లోని గ్రానైట్‌కు రెండు వందల యాభై కోట్ల ఏళ్లు ఉంటాయి కనుక, మన లెక్కలో అది ఇంకా పురిటి బిడ్డ. మన వికారాబాద్, జహీరాబాద్ వైపు కనిపించే నల్లరాయి కూడా లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్టే. కాకపోతే మనది ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట చల్లారింది, వాళ్లది ఇంకా కాగుతోంది. మొదటిసారి థింగ్‌వెట్లిర్ లోయలో నిలబడి, రెండు వైపులా చీలి నిలిచిన ఆ నల్లరాతి గోడలను చూసినప్పుడు నాకు వింత అనిపించలేదు. చిన్నప్పుడు అనంతగిరి కొండల్లో చూసిన రాయే అనిపించింది.

ఈ వేడి ఇంట్లోకి ఎలా వస్తుందో చెబుతాను. మేము అద్దెకు దిగిన మొదటి రోజున వేడినీళ్ల కుళాయి తిప్పగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. మురుగు గొట్టం పగిలిందేమోనని ఇంటి యజమానురాలిని పిలిస్తే ఆమె నవ్వి, అది భూమిలోంచి నేరుగా వచ్చే నీరని, అందులో గంధకం ఉంటుందని, తాగడానికి మాత్రం చన్నీళ్ల కుళాయే వాడుకోమని చెప్పింది. వారం తిరిగేసరికి మా ఆవిడ కాలి మెట్టెలు నల్లగా మసిబారిపోయాయి. వెండికీ ఆ వాయువుకూ పడదన్న సంగతి పుస్తకాల్లో చదివినవాణ్నే అయినా, మెట్టెల దాకా వస్తుందని నాకు తట్టలేదు. చింతపండుతో తోమితే తెల్లబడేవి, మళ్లీ వారానికి అదే కథ.

దేశంలో దాదాపు తొంభై శాతం ఇళ్లు ఈ భూతాపంతోనే వెచ్చబడతాయి. ఇదేమీ అనాదిగా వస్తున్న వాడుక కాదు. ఒకప్పుడు రేక్యవీక్ మీద బొగ్గు పొగ కమ్ముకుని ఉండేది. ఆడవాళ్లు బట్టలు మూట కట్టుకుని ఊరి బయటి వేడి ఊటల దాకా నడిచివెళ్లి ఉతుక్కునేవారు. 1930లో ఆ ఊటల దగ్గర నుంచి మూడు కిలోమీటర్ల గొట్టం వేసి ఒక ఆసుపత్రికి, బడులకు, ఈత కొలనుకు, అరవై ఇళ్లకు నీళ్లు ఇచ్చారు. అసలైన విస్తరణ 1973 చమురు సంక్షోభం తర్వాతే జరిగింది. అప్పటికి దాదాపు సగం ఇళ్లు దిగుమతి చేసుకున్న నూనెతోనే వెచ్చబడేవి. ధర పెరిగేసరికి ప్రభుత్వం ఊరూరా బోర్లు వేయడానికి రుణాలిచ్చింది. బోరులో వేడినీరు పడకపోతే ఆ రుణాన్ని మాఫీ చేసింది. బోరు వేసి నీళ్లు పడక అప్పులపాలైన రైతుల్ని చూసిన ప్రాంతం వాణ్ని కనుక, ఆ ఒక్క నిర్ణయం విలువ నాకు మిగతా సాంకేతికత అంతటికంటే గొప్పగా కనిపించింది. నష్టభయాన్ని ఊరి మీద వదిలేయకుండా దేశమే నెత్తిన పెట్టుకుంది.

రేక్యవీక్‌కు వచ్చే వేడినీరు రెండు రకాలు. ఒకటి నగరం చుట్టుపక్కల బోర్ల నుంచి నేరుగా వచ్చేది. రెండోది నెస్యవెట్లిర్, హెట్లిస్‌హేది అనే చోట్ల ఉన్న విద్యుత్ కేంద్రాల్లో, మామూలు చన్నీటిని భూగర్భ ఆవిరితో వేడి చేసి పంపేది. ఈ రెండింటినీ ఒకే గొట్టంలో కలపకూడదు. కలిస్తే మెగ్నీషియం సిలికేట్ పొరలుగా పేరుకుని గొట్టాలు పూడుకుపోతాయి. అందుకే ఏ పేటకు ఏ నీరు వెళ్లాలన్నది ముందే విడదీసి పెట్టుకున్నారు. నెస్యవెట్లిర్ నుంచి నగరం 27 కిలోమీటర్లు. ఎనభై డిగ్రీలు దాటిన వేడితో బయలుదేరిన నీరు దారిలో కోల్పోయేది రెండు డిగ్రీల లోపే. ఇళ్లలో వాడుక అయ్యాక ముప్పై డిగ్రీల పైచిలుకు వేడితో బయటికి వచ్చే నీటిని కాలిబాటల కిందుగా పారించి మంచు కరిగిస్తారు. ఇక కరెంటు దాదాపు మొత్తం జలవిద్యుత్తు, భూతాప విద్యుత్తే. స్థూలంగా డెబ్బై, ముప్పై పాళ్లు. మణుగూరు దగ్గర పగిడేరులో వేడినీళ్లు ఉబికే బోరు మీద సింగరేణి వారు పెట్టిన చిన్న ప్రయోగాత్మక కేంద్రం గురించి నన్ను తరచుగా అడుగుతుంటారు. అది 20 కిలోవాట్లది. హెట్లిస్‌హేది 303 మెగావాట్లది. తేడా తెలివితేటల్లో లేదు, కిలోమీటరు లోతున ఉండే వేడిలో ఉంది.

ఆ వేడి ఇచ్చేదే కాదు, తీసుకునేది కూడా. 1783 జూన్‌లో లాకి అనే చోట నేల ఇరవై ఐదు కిలోమీటర్ల పొడవున చీలి, ఎనిమిది నెలల పాటు లావా కక్కింది. జనం లావాకు బలి కాలేదు. గాలిలో కలిసిన ఫ్లోరిన్ గడ్డి మీద పడి, ఆ గడ్డి తిన్న గొర్రెల పళ్లు, ఎముకలు వికారంగా పెరిగి మందలకు మందలు చచ్చాయి. ఆ తర్వాత వచ్చిన కరువులో దేశ జనాభాలో ఐదో వంతో, నాలుగో వంతో తుడిచిపెట్టుకుపోయింది. ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేస్తుందో నల్లగొండ వాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. దేశాన్ని ఖాళీ చేసి మిగిలినవాళ్లను డెన్మార్క్‌కు తరలిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన కూడా ఆ రోజుల్లో వచ్చిందంటారు.

దానికి పూర్తిగా భిన్నమైన కథ 1973 జనవరి 23ది. దక్షిణాన వెస్ట్‌మన్ దీవుల్లో హేమాయ్ అనే దీవి ఉంది. అర్ధరాత్రి దాటాక ఊరి శివారులోనే నేల పగిలి నిప్పులు ఎగజిమ్మాయి. ముందురోజు తుఫాను కారణంగా చేపల పడవలన్నీ రేవులోనే ఉండడం వాళ్ల అదృష్టం. తెల్లవారేసరికి ఐదు వేల మందికి పైగా జనాన్ని ఆ పడవల మీదే ఒడ్డు దాటించారు. ఆ తర్వాత లావా మెల్లగా రేవు ముఖద్వారాన్ని మూసివేయబోతుంటే, నెలల తరబడి పంపులతో సముద్రపు నీటిని దాని మీద చిమ్మి చల్లార్చి నిలబెట్టారు. సుమారు నాలుగు వందల ఇళ్లు పోయాయి గానీ రేవు దక్కింది. లావా ముందుకు చొచ్చుకువచ్చి ఆగిన తీరు వల్ల రేవుకు గాలివానల నుంచి అంతకుముందు కంటే మంచి అడ్డు ఏర్పడింది కూడా. తిరిగివచ్చిన జనం కొన్నేళ్ల పాటు అదే లావాలో మిగిలిన వేడితో ఇళ్లు వెచ్చబెట్టుకున్నారు.

2010 ఏప్రిల్‌లో ఎయాఫ్యట్లయోకుల్ అనే అగ్నిపర్వతపు బూడిద వల్ల ఐరోపా అంతటా సుమారు లక్ష విమానాలు రద్దయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మన వార్తా చదువరులు ఆ పేరు దగ్గర పడ్డ అవస్థ నాకైతే బాగా గుర్తుంది. కానీ స్థానికులకు అంతకంటే పెద్ద దెబ్బ ఇటీవలిది. ఎనిమిది వందల ఏళ్లుగా నిద్రపోయిన రేక్యనెస్ ద్వీపకల్పం 2021లో మేలుకుంది. 2023 నవంబరు 10 రాత్రి గ్రిందవీక్ అనే చేపల రేవు పట్టణాన్ని మొత్తంగా ఖాళీ చేయించారు. దాదాపు నాలుగు వేల మంది ఒక్క రాత్రిలో ఇళ్లు విడిచారు. ఆ డిసెంబరు నుంచి పట్టణం పక్కనే వరుసగా విస్ఫోటాలు జరిగాయి. 2024 జనవరిలో లావా ఊరి అంచున మూడు ఇళ్లను కాల్చింది. ప్రభుత్వం అక్కడి ఇళ్లను తానే కొనుగోలు చేసే ఏర్పాటు చేసింది. ఆ దేశంలో ప్రతి భవనానికీ ప్రకృతి విపత్తుల బీమా చట్టప్రకారం తప్పనిసరి. నేలను నమ్మలేని చోట బీమాను ఎవరి ఇష్టానికి వారిని వదిలేస్తే ఊళ్లు మిగలవని వాళ్లకు అనుభవంతో తెలిసింది.

మంచు దేశమేనా అన్నదానికి సగం జవాబే అవును. భూభాగంలో సుమారు పదో వంతు హిమానీనదాల కింద ఉంది. ఒక్క వాట్నాయోకుల్ మంచు పలకే ఏడు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అయితే రేక్యవీక్ నగరంలో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. దక్షిణం నుంచి వచ్చే వెచ్చని సముద్ర ప్రవాహమే అందుకు కారణం. జులై సగటు పన్నెండు డిగ్రీలు కూడా దాటదు కనుక చలి కంటే వేసవి లేకపోవడమే మనల్ని ఎక్కువ బాధపెడుతుంది. అసలు శత్రువు గాలి. మొదటి ఏడాది దక్షిణ తీరంలో అద్దె కారు ఆపి తలుపు తెరవగానే గాలి దాన్ని నా చేతిలోంచి లాగి ముందుకు విరిచేసింది. గాలి వల్ల తలుపుకు జరిగే నష్టం బీమా కిందికి రాదని కారు ఇచ్చినవారు ఒప్పంద పత్రంలో చిన్న అక్షరాల్లో రాసి ఉంచారు. ఒక నెల జీతంలో మంచి భాగం దానికే పోయింది. అప్పటి నుంచి గాలికి ఎదురుగా కారు నిలిపి, రెండు చేతులతో తలుపు పట్టుకుని దిగడం అలవాటైంది. మంచు మాత్రం కరిగిపోతోంది. ఓక్ అనే హిమానీనదం ఇక కదిలేంత మందం లేదని 2014లో దాన్ని ఆ జాబితా నుంచి తీసివేశారు, 2019లో అక్కడ స్మారక ఫలకం పెట్టారు.

చరిత్రలో మొదటి శాశ్వత నివాసిగా 874లో వచ్చిన ఇంగోల్ఫుర్ ఆర్నార్‌సోన్‌ను చెబుతారు. నార్వే నుంచి, బ్రిటన్ దీవుల నుంచి వచ్చిన వలసదారులు తమకు రాజు వద్దనుకున్నారు. 930లో థింగ్‌వెట్లిర్ లోయలో ఏటా వేసవిలో సమావేశమయ్యే ఆల్తింగి అనే సభను ఏర్పరచుకున్నారు. ఇప్పటి వాళ్ల పార్లమెంటు పేరూ అదే, సభ్యులు 63 మంది. అప్పట్లో చట్టాలు రాసిపెట్టి ఉండేవి కావు కనుక ధర్మశాస్త్రం అంతా కంఠస్థం వచ్చిన ఒక పెద్దమనిషి ఏటా మూడో వంతు చొప్పున మూడేళ్లలో మొత్తం చట్టాన్ని బండ మీద నిలబడి వినిపించేవాడు. 1000వ సంవత్సరం ప్రాంతంలో పాత దేవతలను కొలిచేవారికీ క్రైస్తవులకూ మధ్య యుద్ధం తప్పదనిపించినప్పుడు, తీర్పును అలాంటి పెద్దమనిషే అయిన థోర్గేర్‌కు వదిలిపెట్టారు. అతను స్వయంగా పాత మతస్థుడు. ఒక పగలూ రాత్రీ దుప్పటి ముసుగేసుకుని పడుకుని ఆలోచించి, దేశానికి ఒకే ధర్మం ఉండాలని, అది క్రైస్తవమని చెప్పాడు. ఇళ్లలో గుట్టుగా పాత పూజలు చేసుకునేవారిని కొంతకాలం చూసీ చూడనట్టు వదిలేయాలనీ చెప్పాడు. కొద్దిమంది ఉన్న చోట కొట్టుకుంటే మిగిలేది ఎవరూ ఉండరన్న లెక్క ఆ తీర్పులో నాకు కనిపిస్తుంది.

ఆ లెక్క అన్నివేళలా పనిచేయలేదు. పదమూడో శతాబ్దంలో పెద్ద కుటుంబాలు తమలో తాము నరుక్కుని, 1262లో నార్వే రాజుకు లొంగిపోయాయి. నార్వేతో పాటే దేశం డెన్మార్క్ చేతికి పోయింది. 1602 నుంచి 1787 వరకు డెన్మార్క్ అనుమతించిన వర్తకులు తప్ప మరెవరూ అక్కడ సరుకు అమ్మకూడదు, కొనకూడదు. స్వాతంత్ర్యం విడతలవారీగా వచ్చింది. 1874లో రాజ్యాంగం, 1904లో స్వపరిపాలన, 1918లో డెన్మార్క్ రాజు కిందే సార్వభౌమత్వం లభించాయి. 1940లో డెన్మార్క్‌ను జర్మనీ ఆక్రమించగానే, మే 10న బ్రిటన్ సేనలు వచ్చి ఐస్‌లాండ్‌లో దిగాయి. మరుసటి ఏడాది అమెరికా వారు ఆ స్థానంలోకి వచ్చారు. 1944లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి 97 శాతానికి పైగా ఓట్లతో రాజుతో బంధం తెంచుకున్నారు. జూన్ 17న, వర్షంలో, అదే థింగ్‌వెట్లిర్‌లో గణతంత్రాన్ని ప్రకటించారు. సొంత సైన్యం లేకుండానే 1949లో నాటో వ్యవస్థాపక సభ్యులయ్యారు. నేటికీ సైన్యం లేదు, తీర రక్షక దళమే ఉంది.

ఆ తీర రక్షక దళమే బ్రిటన్‌ను ఎదిరించింది. చేప తప్ప అమ్ముకోవడానికి మరొకటి లేని దేశం కనుక, తన తీరం చుట్టూ చేపల హక్కును 1958లో 12 మైళ్లకు, 1972లో 50 మైళ్లకు, 1975లో 200 మైళ్లకు పెంచుకుంటూ పోయింది. బ్రిటన్ తన చేపల నౌకలకు కాపలాగా యుద్ధనౌకలను పంపింది. ఐస్‌లాండ్ పడవలు ఆ చేపల నౌకల వెనకగా వెళ్లి, నీళ్లలో ఈడ్చుకెళ్లే కత్తెర లాంటి పరికరంతో వలల తాళ్లు కోసేసేవి. కోసిన వల, అందులోని చేప అంతా సముద్రం పాలు. బ్రిటన్ నౌకాబలంతో పోలిస్తే ఇది ఏనుగుతో ఎలుక తలపడటమే. అయినా కెఫ్లవీక్‌లోని అమెరికా స్థావరాన్ని మూసివేయిస్తామన్న బెదిరింపు చేతిలో ఉండడంతో 1976లో 200 మైళ్లకు బ్రిటన్ తలొగ్గింది. ఆ తర్వాత తమవాళ్లే చేపను ఊడ్చేయకుండా, ఎవరు ఎంత చేప పట్టవచ్చో చెప్పే కోటాలు 1984లో పెట్టారు. 1990 నుంచి వాటిని స్వేచ్ఛగా కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. చేప నిలిచింది. కానీ కోటా అమ్ముడైన చిన్న రేవుల్లో బతుకు పోయింది; కొని పోగేసుకున్నవారిని జనం ఇప్పటికీ ‘కోటా రాజులు’ అని ఎత్తిపొడుస్తారు. ఈ వ్యవస్థను ప్రపంచానికి ఆదర్శంగా చూపేవారు ఆ మాటను చెప్పకుండా దాటవేస్తారు. ఇప్పుడు కాడ్ చేపలో పారేసేది దాదాపు ఏమీ ఉండదు. ఈసాఫ్యోర్దుర్ అనే మారుమూల పట్టణంలో మొదలైన ఒక సంస్థ చేప చర్మంతో గాయాలకు అతుకులు తయారుచేసి ప్రపంచమంతా అమ్ముతోంది.

చవక కరెంటు ఉంది కనుక అల్యూమినియం కర్మాగారాలు వచ్చాయి. ఖనిజం ఓడల్లో వచ్చి లోహంగా తిరిగి పోతుంది, ఒక రకంగా వాళ్లు ఎగుమతి చేసేది కరెంటునే. 2000 తర్వాత బ్యాంకుల పిచ్చి పట్టింది. మూడు పెద్ద బ్యాంకుల ఆస్తులు దేశ వార్షికోత్పత్తికి సుమారు పది రెట్లకు ఉబ్బాయి. 2008 అక్టోబరులో మూడూ వారం రోజుల్లో కూలాయి. వాళ్ల డబ్బు క్రోనా విలువ దాదాపు సగానికి పడిపోయింది. 2009 జనవరిలో జనం గిన్నెలు, గరిటెలు పట్టుకుని పార్లమెంటు ముందు వాయించి ప్రభుత్వాన్ని దించారు. విదేశీ డిపాజిటుదారుల అప్పును ప్రజల నెత్తిన వేసే ఒప్పందాన్ని 2010లోను, 2011లోను రెండుసార్లు ఓటుతో తిప్పికొట్టారు. బ్యాంకు పెద్దలు కొందరు జైలుకు వెళ్లారు. దేశం తేరుకోవడానికి ధైర్యం ఒక్కటే కారణం అనుకోకండి. డబ్బు బయటికి పోకుండా 2017 దాకా ఆంక్షలు ఉన్నాయి, క్రోనా చవకై పర్యాటకులు వెల్లువెత్తారు. 2010లో ఐదు లక్షల లోపున్న పర్యాటకులు 2018 నాటికి ఇరవై లక్షలు దాటారు, అంటే జనాభాకు ఐదు రెట్ల పైమాట.

మనకు చాలా దగ్గరగా అనిపించే విషయం భాష. వెయ్యేళ్లలో అంతగా మారని భాష అది. కొత్త వస్తువు రాగానే పాత మాటల నుంచి కొత్త పదం కడతారు. సంఖ్య అన్న మాటను, జోస్యం చెప్పే స్త్రీ అన్న మాటను కలిపి కంప్యూటర్‌ను ‘తోల్వా’ అన్నారు. దారం అన్న అర్థంలో వాడుక పోయిన పాత మాటను తవ్వి తీసి ఫోన్‌కు ‘సీమి’ అని పెట్టారు. ఇలాంటి ప్రయత్నాలు మన దగ్గరా జరిగాయి, కానీ మనం పదకోశంలో పెట్టి మరిచిపోయాం. అక్కడ బడిపిల్లలు వాడతారు. ఇంటిపేర్లు మాత్రం చాలామందికి లేవు. యోన్ కొడుకు యోన్‌సోన్, కూతురు యోన్స్‌దోత్తిర్. పెళ్లయినా స్త్రీ పేరు మారదు, తల్లీ తండ్రీ పిల్లలు ఒకే ఇంట్లో నాలుగు వేర్వేరు చివరి పేర్లతో ఉంటారు. అందుకే అధ్యక్షురాలిని కూడా మొదటి పేరుతోనే పిలుస్తారు. మా ఇంటిపేరు ముందు రాసేసరికి, తొమ్మిదేళ్లూ నాకు వచ్చిన ప్రభుత్వ ఉత్తరాల్లో నన్ను మా ఇంటిపేరుతోనే ఆప్యాయంగా సంబోధించారు.

తక్కువమంది ఉన్నచోట ప్రతి చేయీ కావాలి అన్న విషయాన్ని ఆడవాళ్లు 1975 అక్టోబరు 24న చేసి చూపించారు. ఆ రోజు దేశంలో తొంభై శాతం స్త్రీలు ఆఫీసు పని, ఇంటి పని రెండూ మానేశారు. తండ్రులు పిల్లలను వెంటేసుకుని ఆఫీసులకు వెళ్లారు. ఐదేళ్లకు విగ్దీస్ ఫిన్‌బోగదోత్తిర్ అధ్యక్షురాలయ్యారు. ప్రజల ఓటుతో ఆ పదవికి వచ్చిన తొలి మహిళ ప్రపంచంలోనే ఆమె, పదహారేళ్లు కొనసాగారు. 2024 ఆగస్టు నుంచి అధ్యక్షురాలు హల్లా తోమస్‌దోత్తిర్, ఆ డిసెంబరులో ప్రధాని అయినది క్రిస్త్రున్ ఫ్రోస్తదోత్తిర్.

వెళ్లడం విషయానికొస్తే, భారత్ నుంచి నేరుగా విమానం లేదు. ఐరోపా సమాఖ్యలో సభ్యత్వం లేకపోయినా, ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసాతోనే వెళ్లాలి. 2005లో అబ్దుల్ కలాం గారు వెళ్లివచ్చాక సంబంధాలు పెరిగి రెండు దేశాలూ పరస్పరం రాయబార కార్యాలయాలు తెరిచాయి. ఐస్‌లాండ్ సభ్యురాలిగా ఉన్న నాలుగు దేశాల కూటమితో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అయినా ఐరోపా బయటివారికి పని అనుమతి అక్కడివారిలో దొరకని నైపుణ్యం ఉంటేనే సులువు. అనుమతి యజమానికి ముడిపడి ఉంటుంది, అద్దెలు మండిపోతాయి. వలస వచ్చినవారిలో పోలండ్ వాళ్లదే పెద్ద సంఖ్య, చేపల కర్మాగారాల్లో, హోటళ్లలో వాళ్లే. తిండికి ఇబ్బంది అనుకున్నంత లేదు. వేడినీటి గ్రీన్‌హౌసుల్లో పండిన టమాటాలు దొరుకుతాయి, హాడక్ చేప చింతపండు పులుసుకు చక్కగా కుదురుతుంది, గొర్రె మాంసం గురించి చెప్పనక్కర్లేదు. కరివేపాకు మాత్రం లండన్ నుంచి వచ్చే మిత్రుల దయ.

మనవాళ్లు తడబడేది ఈత కొలనుల దగ్గర. ప్రతి ఊళ్లోనూ ఒక కొలను, దాని పక్కన నలభై డిగ్రీల వేడినీటి తొట్లు ఉంటాయి. ఊరి రాజకీయాలన్నీ మెడ లోతు నీళ్లలో కూర్చునే మాట్లాడుకుంటారు. లోపలికి వెళ్లే ముందు అందరితో పాటు దుస్తులన్నీ విప్పి సబ్బుతో స్నానం చేయడం కచ్చితమైన నియమం. నేను మొదటి నెలంతా దీనికి జంకి దూరంగా ఉన్నాను. అలా ఉన్నన్నాళ్లు నాకు ఒక్క స్నేహితుడూ దొరకలేదు. ఇక శీతాకాలపు చీకటి. డిసెంబరులో వెలుతురు నాలుగు గంటలే, జూన్‌లో అర్ధరాత్రికీ చీకటి పడదు. ఎండ తగలక డి విటమిన్ పడిపోతుంది కనుక వెళ్లేవారు రక్తపరీక్ష చేయించుకుని వెళ్లడం మంచిది. అక్కడివాళ్లు ప్రతి ఉదయం పరగడుపున ఒక చెంచాడు కాడ్ లివర్ నూనె మింగుతారు. మా పిల్లలు బడిలో చూసి అలవాటు చేసుకున్నారు, నేను మాత్రం ఆ వాసన తట్టుకోలేక చివరిదాకా మాత్రలతోనే నెట్టుకొచ్చాను.